మేడి పట్టిన వేసవి

మే 5

ఇల్లు చేరాం. నిన్నంతా శబరిలో పడవ, ఇవాళ కుంట నుంచి ఎడ్లబండి. మంచం మీద పడుకున్నా ఒళ్ళింకా నీళ్ళ మీద ఊగుతున్నట్టే ఉంది. ఇంటినిండా ఎండు ఇప్పపువ్వు వాసన... రెండేళ్ళు రాజమండ్రిలో అత్తయ్య ఇంట్లో ఉండి ఇంటర్ చదివానన్నది కల, ఈ వాసన ఒక్కటే నిజం అనిపిస్తుంది.

నాన్న గుమ్మంలోంచే కేక — "మా డాక్టరమ్మ వచ్చింది!" వెనకే దిగిన రాఘవ బావ, అసలు డాక్టరీ చదువుతున్నవాడు, పెట్టెలు మోస్తూ నవ్వుతున్నాడు. అత్తయ్య కొడుకు. సెలవులన్నీ ఇక్కడే గడుపుతాడట.

వైద్య కాలేజీలో నాకు సీటొచ్చింది. జూన్ నెలాఖరులోగా జవాబు రాయాలి. సంస్థానం మొత్తానికి లేడీ డాక్టరు కరువు కాబట్టి సైన్సు చదివిన ఆడపిల్ల లేడీ డాక్టరే అవుతుందని మా మరైగూడలో చంటిపిల్లకు కూడా తెలుసు. నన్నెవరూ అడగలేదు.

నాకు కావలసింది మన్ను. వ్యవసాయ కాలేజీ.

అక్కడి పెద్దాయన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. "చేరే రోజు మా అందరి ముందూ ఒక్క సాలు దున్ని చూపించాలమ్మా. మగపిల్లలు దున్నుతారు. మరి నువ్వో?"

"దున్నుతాను."

అనేశాను! పుట్టి బుద్ధెరిగాక నాగలి తాకిన పాపాన పోలేదు. మా ఊళ్ళో ఆడది నాగలి తాకకూడదు. తాకితే ఆ ఏడు వాన ముఖం చాటేస్తుందంటారు.

మే 6

నాన్నకు రేపు చెప్తాను.

మే 7

చెప్పలేదు.

మే 9

బావ వైద్యం చూసి నవ్వలేక చచ్చాను. వసారాలో మందుల పెట్టె తెరిచి, చేతులు కడుక్కుని, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. మగవాళ్ళు వచ్చారు — గజ్జి, జ్వరం, కాలికి గొడ్డలి దెబ్బ. ఆడవాళ్ళు మాత్రం పెరటి దారిన నా దగ్గరకు వచ్చారు. "నీకూ సదువొచ్చు గదా, నువ్వు సూడు." చెట్ల గురించి చదివాను తల్లుల్లారా అంటే వింటారా?

చివరికి తడిక అడ్డం పెట్టాం. తడికకు అవతల బావ, ఇవతల నేను. వాడు అడుగుతాడు, నేను వాళ్ళనడిగి చెప్తాను. నాలుక చూడమంటాడు, చూస్తాను. కడుపు నొక్కి చూడమంటాడు, నొక్కుతాను. "గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?" "మెత్తగానే ఉంది బావా." "ఎక్కడ మెత్తగా?" "కడుపులో!" తడిక వెనక తల కొట్టుకున్న చప్పుడు.

మధ్యాహ్నం ఉంగి వచ్చింది. నెలలు నిండుతున్నాయి. నడుస్తుంటే పడవలా ఊగుతోంది. చిన్నప్పుడు ఇద్దరం ఒకే కల్లు ముంత దొంగిలించి తాగి, ఒకే తన్నులు తిన్నాం. వాళ్ళు దొరల తెగ, మేం తెలుగు రైతులం — అమ్మకు ఆ లెక్కలు ఉండేవి, మాకు లేవు. ఉంగి మొగుడు జోగా ఇప్పుడు మా పొలంలోనే నాగలి కడతాడు.

నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. లోపలిది తన్నింది.

"పురుటి పాకల నువ్వు నా దగ్గరుండాలె. లచ్చవ్వ మంత్రసానితనం మంచిదే గానీ, ముసల్ది తిడతది. నువ్వుంటే నాకు భయం, బుగులు ఉండదు."

"ఉంటానే పిచ్చీ."

ఊరి చివర పురుటి పాకలోకి మగ పురుగు పోకూడదు. నేను పోవచ్చు. వాకిట్లో వైద్యుడున్నాడు, వాడు పోకూడదు. బావ అదంతా విని మందుల పెట్టె మూసేశాడు.

మే 12

విత్తనాల పండుగ. ఇది కానిదే ఎవరూ గింజ చల్లరు. మగవాళ్ళు వేటకు పోయి ఉత్త చేతులతో వచ్చారు. ఇంకేముంది, దారి కాచి ఆడవాళ్ళంతా పేడనీళ్ళతో అభిషేకం! బావకూ ఒక చెంబెడు పడింది. "నేను వేటకే పోలేదు" అని మొత్తుకున్నా విన్నవాళ్ళు లేరు. నేనే పోశాను.

ఆడవాళ్ళ మధ్యలో చేతులు పట్టుకుని ఆడాను. ఉంగి ఒక పక్కన కూర్చుని తాళం. ఎండలో ధూళి బంగారంలా లేచింది. ఎవరి చెయ్యి ఎవరిదో తెలియలేదు, ఆడుతున్నది నేనో వాళ్ళో కూడా తెలియలేదు.

మే 14

బావకు చెప్పేశాను.

"నాగలా? నువ్వా?"

"ఆ. నేనే."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. కాలేజీలో సంగతి చెప్పాడు. పురుళ్ళ వార్డులోకి మగ విద్యార్థులు అడుగుపెడితే ఆడవాళ్ళు ముఖం మీద కొంగు కప్పుకుని గోడవైపు తిరిగిపోతారట. తోటి కుర్రాళ్ళేమో ఎగతాళి — మగాడన్నవాడు కత్తి పట్టి ఆపరేషన్లు చెయ్యాలిగానీ పురుళ్ళేంట్రా, మంత్రసానివా అని. "నాకు అదే ఇష్టం సుభద్రా. పిల్ల బయటికొచ్చి ఏడ్చేదాకా ఊపిరి బిగబట్టుకుంటానే... అదే ఇష్టం."

ఇంత సిగ్గుపడుతూ వాడు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ముద్దొచ్చాడు. ఇది ఎవరికీ చెప్పను.

మే 16

మధ్యాహ్నం నిద్రలో కల. నాగలి నాకంటే ముందు పోతోంది, ఎడ్లు లేవు. సాలు పొడుగునా నీళ్ళు. నీళ్ళలో చిన్న చిన్న దీపాలు మొలుస్తున్నాయి, వరి మొలిచినట్టే. వెనక్కి చూస్తే అమ్మ సాల్లో కూర్చుని దీపాలు కోసి ఒళ్ళో వేసుకుంటోంది. "ఇన్ని ఎట్ల వండాలె" అంటోంది.

లేచేసరికి అమ్మ నిజంగానే పొయ్యి దగ్గర గొణుగుతోంది.

మే 18

వాన! ఒక్క జల్లే. మట్టి వాసనకు మత్తెక్కింది. వసారా కింద అరచేతులు చాచి నిలబడ్డాను. పడుకోబోతే కళ్ళ వెనక ఇంకా కురుస్తూనే ఉంది.

మే 19

పట్టాను.

తెల్లవారుతుండగా పొలానికి పోయాను. నాన్న కుంట బజారుకు వెళ్ళాడు. చేను మీద నిన్నటి వానకు పొగలాంటి ఆవిరి. జోగా ఎడ్లను ఆపి చుట్ట ముట్టించుకుంటున్నాడు. అడిగాను. ముందు నవ్వాడు, తర్వాత భయపడ్డాడు. "వద్దమ్మా. ఊరు ఊకుంటదా?" చుట్ట పక్కకు తిప్పుకునే లోపల నేను నాగలి పిడి, మేడి, పట్టేశాను.

అబ్బ, ఎంత సజీవంగా ఉందో! ఎడ్లు కదిలాయి. నేల చేతిలోకి పాకివచ్చింది, భుజాల దాకా. ఏదో లాగుతోంది, నేనూ పోతున్నాను, కాళ్ళ కింద మట్టి తిరగబడుతోంది. సాలు పాము మెలికలు తిరిగింది. జోగా పక్కనే పరుగెడుతూ — "ఊకె దానితోని కొట్లాడకమ్మా! ఎడ్లు పోయినట్టు నువ్వు పో!"

చేను చివరిదాకా పోయాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. గట్టు మీద అంబలి కుండతో నిలబడ్డ ఆడవాళ్ళను అప్పుడు చూశాను. కుండ కింద పడింది.

మే 20

ఊళ్ళో ఒక్క నాగలీ కదల్లేదు. అన్నీ బోర్లా పడి ఉన్నాయి. దుక్కి తడి ఆరిపోతోంది, ఎవరూ కాడి కట్టరు. ఎవరి కళ్ళలోకీ చూడలేకపోతున్నాను. అమ్మ అన్నం నా ముందుకు తోసి పోయింది. నాన్న — "ఏందే ఇది? ఏం పని చేసినవే? డాక్టరమ్మవు కావాలె నువ్వు, గా నాగలి నీకెందుకే?"

చెప్పేశాను. కాలేజీ, సాలు పరీక్ష, అంతా.  తెలిసి చేశానని తెలిశాక నాన్న ముఖం... ఇంక రాయను.

మే 21

పటేల్ ఇంటి ముందు చింతచెట్టు కింద పంచాయితీ. ఊరి పూజారి పెర్మ తాత నడుమ కూర్చున్నాడు. నేను నిలబడ్డాను. 

"బిడ్డా, నాగలి వాగుల కడిగి, ఒక కోడి, ఒక కుండ సారా ఇస్తే అయిపోతది. మళ్ళ పట్టనని ఒక్క మాట అను."

అమ్మ కళ్ళతో బతిమాలుతోంది. ఒక్క మాట!

"నాగలి మళ్ళీ పడతాను తాతా. పట్టక తప్పదు."

గోల. పటేల్ లేచాడు, నాన్న తల దించుకున్నాడు. పెర్మ తాత మాత్రం నేల మీద పుల్లతో గీతలు గీశాడు.

"ఆడది నాగలి పడితే తప్పు. మొగోడు పడితే తప్పేంది?" అన్నాడు చివరికి. "ఇయ్యాల్టి సంది ఈ పిల్ల మొగోడే. చేను కాడ, పండుగ కాడ, పంచాయితీ కాడ మొగోడే. ఆడోళ్ళ తావుకు మొగోడు ఎట్ల పోడో, ఈ పిల్లా అట్లనే పోవద్దు. మాట తప్పితే వానకు నువ్వే జవాబు చెప్పాలె బిడ్డా."

నాకు మొదటి ముక్క తప్ప ఏమీ వినపడలేదు. మొగోడే! అంతే! ఎగిరి గంతేయాలనిపించింది. కోడిచ్చారు, సారా పోశారు. నాకూ మగవాళ్ళ వరసలో ఆకు దొప్ప పెట్టారు. వెనకాల ఎవరో ఆడామె — "ఓ మొగోడా, మీసం ఏదిరా?" ఊరంతా నవ్వు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా నేల మీద నడిచినట్టే లేదు.

మే 23

బావ పలకరింపు మార్చేశాడు. "ఏం బావమరిదీ, దుక్కి ఎంతవరకు వచ్చింది?"

"నువ్వే చూసుకో బావా. వైద్యం మానేసి గడ్డి కోద్దువుగాని రా."

అరచేతులు బొబ్బలెక్కాయి. వాడే నూనె రాసి గుడ్డ కట్టాడు. కడుతూ కడుతూ, "బావమరిదిని ఎవరూ పెళ్ళి చేసుకోరు కదా" అన్నాడు నెమ్మదిగా. ఎడ్లకు కుడితి పెట్టాలని లేచిపోయాను.

మే 25

సాలు నిటారుగా వచ్చింది. ఒక్కటి. నాన్న గట్టు మీద నిలబడి చూశాడు. చూసి, తన నాగలి తెచ్చి అక్కడ దించి వెళ్ళాడు. మేడి ఆయన చేతికి అరిగి నున్నగా ఉంది. నా చేతికి పెద్దది.

మే 28

వాగుకు వెళ్ళాను. నన్ను చూడగానే మాటలాగిపోయాయి. మాట మధ్యలోనే. ఒకామె కొంగు సర్దుకుంది — నన్ను చూసి! ఉంగి కుండ పక్కకు జరుపుకుని, "ఇటు కాదు, మొగోళ్ళ రేవు పైన" అంది. నవ్వుతూనే అంది. కానీ కుండ జరిపింది.

"నేనే ఉంగీ!"

"ఎరకే. తాత చెప్పిండు గదా. వాన వచ్చేదాక అందరికీ బుగులే."

పై రేవులో కాళ్ళు పెట్టి కూర్చున్నాను. కింది రేవు నుంచి నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి. నీళ్ళు నా దగ్గర నుంచే అటు పోతున్నాయి. వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క వినపడితే చాలనిపించింది. ఏడుపొచ్చింది. మగాళ్ళు ఏడవరని ఎవరైనా అంటే గోలపెట్టి ఏడ్చేదాన్నే, ఎవరూ లేరు.

జూన్ 1

వాన లేదు. అందరూ ఆకాశం చూసి నావైపు చూస్తున్నారు.

జూన్ 3

వానొచ్చింది. కుండపోత. జోగా చేన్లో గంతులు వేశాడు. పెర్మ తాత దారిలో ఎదురై నా భుజం తట్టాడు, మగవాళ్ళను తట్టినట్టే, ఒళ్ళదిరేలా.

కలలో నాకు రెండు గొంతులు. ఒకటి చేన్లో ఎడ్లను అదిలిస్తోంది, ఇంకొకటి వాగు దగ్గర ఉంగితో గుసగుసలాడుతోంది. రెండూ నావే... ఒకదానికొకటి వినపడవు.

జూన్ 5

 ఒక్కటీ వదలకుండా రాస్తాను.

నిన్న సాయంత్రం నుంచి ఉంగికి నొప్పులు. పొద్దున జోగా పరుగెత్తుకొచ్చాడు. పరుగున పోయాను, వెనకే బావ. పురుటి పాక చుట్టూ వెదురు దడి. దడి దగ్గర లచ్చవ్వ చేతులు చాచి అడ్డం నిలబడింది.

"మొగోళ్ళు ఇటు రావద్దు."

"అవ్వా, నేను! సుభద్రను! ఉంగి నన్ను రమ్మంది!"

"సుభద్రవో ఎవరివో. మొగోడివైతివి."

దడికి ఇవతల పడిఉన్న దుంగ మీద కూర్చున్నాం — జోగా, బావ, నేను. లోపల ఉంగి కేకలు. ఎండ నడినెత్తికి వచ్చింది. కేకలు సన్నబడ్డాయి. అది ఇంకా భయం. బావ లేచి దడి బయటి నుంచే అడిగాడు, బిడ్డ ఎట్లా ఉంది, తల తగులుతోందా అని. మగవాడికి ఆ మాటలు చెప్పరు. లచ్చవ్వ ముఖం తిప్పుకుని దడి వెదురు గట్టిగా పట్టుకుంది. ఎటో చూస్తూనే అంది — "అడ్డం తిరిగింది."

బావ నావైపు తిరిగాడు. "నువ్వు లోపల ఉంటే చాలు. నేను ఇక్కడ నుంచి చెప్తాను, నువ్వు చేద్దువు. తడిక దగ్గర చెయ్యలేదూ?"

లచ్చవ్వ విన్నది. దగ్గరకొచ్చింది. తిట్టలేదు.

"నాగలి ఇడిసిన్నని ఒక్క మాట అను బిడ్డా. వాగుల మునిగి రా. నీ సావాసగత్తె లోపలుంది."

నోరు తెరిచాను.

రాలేదు. ఆ మాట రాలేదు.  పెర్మ తాత ముందు అన్న మాట, కాలేజీ ముందు సాలు, నాన్న దించి వెళ్ళిన మేడి... లోపల ఉంగి చచ్చిపోతోంది, నేను ఆలోచిస్తున్నాను. ఛీ.

అప్పుడు బావ అన్నాడు. "అవ్వా, ఆమెను మగవాణ్ణి చేశారు కదా. నన్ను ఆడదాన్ని చెయ్యండి."

జోగా బిత్తరపోయాడు. దడి లోపల ఒకామె కిసుక్కున నవ్వింది. లచ్చవ్వ ఉమ్మింది. లోపల ఉంగి మళ్ళీ అరిచింది, ఆ అరుపుతో నవ్వు ఆగిపోయింది.

"నవ్వులాటనా? ఆడదానివైతే పురుడు తీరేదాక ఆడదానివే. మొగోళ్ళ కాడ కూసోవద్దు, వాళ్ళ ఆకుల తినొద్దు. ఊరందరూ చూస్తరు."

"చూడనీ."

దడి లోపల నుంచి వచ్చిన జోగా వదిన చేతి ఇత్తడి గాజులు తీసి, వెడల్పు చేసి, లచ్చవ్వ బావ మణికట్టుకు నొక్కింది. నెత్తిన గుడ్డ కప్పింది. దడి తలుపు తీసింది. వాడు వంగి లోపలికి పోయాడు. వెనక్కి చూడలేదు.

నేను జోగా పక్కనే దుంగ మీద. మగవాళ్ళ చోటులో.

ఎంతసేపో... చీమలు దుంగ మీద వరసగా పోతున్నాయి, గుడ్లు మోసుకుంటూ. వాటినే చూశాను. తర్వాత పిల్ల ఏడుపు. జోగా నా భుజం మీద తల పెట్టి భోరుమన్నాడు.

జూన్ 6

ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. బావ వసారాలో ఆడవాళ్ళ వైపు తింటున్నాడు. మగవాళ్ళు వాణ్ణి చూసి పక్క దారిన పోతున్నారు. ఆడవాళ్ళు మాత్రం పిల్లల్ని చంకనేసుకుని నేరుగా వాడి ముందుకే వచ్చి కూర్చుంటున్నారు. తడిక ఎవరో తీసేశారు.

"నీ కుర్రాళ్ళు వింటే ఏమంటారు?"

"ఇంకేమంటారు, మంత్రసాని అనే. నిజమే కదా." గాజులు చూసుకున్నాడు. "లచ్చవ్వ పైనుంచి కడుపు పట్టుకోకపోతే నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు సుభద్రా."

నేను ఆ మాట ఎందుకు అనలేకపోయానో వాడు అడగలేదు. అడిగితే బాగుండును.

జూన్ 7

డాక్టరీ సీటు వద్దని రాశాను. నాన్న చదివాడు, రెండుసార్లు. "గా వ్యవసాయమోళ్ళు రానియ్యకపోతే?" అన్నాడు.

"రానియ్యకపోతే ఇక్కడే దున్నుతాను."

"ఉంగి సంగతి చూసినంక కూడా?"

 ఉంగి సంగతి చూశాకే రెండు రోజులుగా తిండి లేదు. డాక్టరమ్మనైతే ఎందరు ఉంగుల దగ్గరో కూర్చునేదాన్ని. ఎంత మంచి పని అది! కానీ అది బావ కల, నాది కాదు. నా కలలో మన్నే ఉంది. ఇంత స్వార్థం నాకెక్కడి నుంచి వచ్చిందో. నాన్న కవరు జేబులో పెట్టుకుని కుంటకు బండి కట్టాడు.

జూన్ 9

పాక దగ్గరకు రమ్మని కబురు. దడి బయట నిలబడ్డాను. ఉంగి గుమ్మంలో కూర్చుంది, ముఖం పాలిపోయి, నవ్వుతూ. బావ బిడ్డను రెండు చేతుల మీద తెచ్చి దడి మీదుగా చూపించాడు. ఎర్రగా, ముడతలుగా. ఆవలించింది. ఇంత చిన్న నోరు! చెయ్యి చాచబోయి ఆగాను. మగవాడు ఇప్పుడే ముట్టకూడదు.

"ఆ పొద్దు నువ్వు ఏమంటవో అని లోపల్నుంచి చెవులు పెట్టి విన్న" అంది ఉంగి.



"అనలేకపోయాను ఉంగీ."

"ఎరకే." ఒళ్ళోని గుడ్డ మడత పెట్టింది. "కోపమొచ్చింది. ఇంకా కొంచెం ఉంది. ఉండనియ్."

"ఉండనీ."

"ఎప్పటి సందో అనుకున్న, ఆడపిల్లైతే నీ పేరే పెట్టాలెనని. జోగా కూడా సరే అన్నడు. గానీ లచ్చవ్వ అడుగుతాంది — ఆ పేరు ఇప్పుడు మొగోడి పేరా, ఆడదాని పేరా అని. ఆడపిల్లకు పెట్టొచ్చునా లేదా అని. నాకేం ఎరక? నిన్నే అడుగుతున్న."

బావ నావైపు చూస్తున్నాడు. దడి లోపలి ఆడవాళ్ళంతా చూస్తున్నారు. బిడ్డ నిద్రపోయింది.

రేపు పొద్దున పేరు పెడతారట. ఈలోగా చెప్పి పంపమంది.

ఆడదాని పేరంటే నాగలి పోతుంది, మొగోడి పేరంటే బిడ్డకు ఆ పేరు పోతుంది. పెన్ను పట్టుకుని ఇప్పటిదాకా కూర్చున్నాను. సుభద్ర... సుభద్ర... అని పైకి అనుకుని చూస్తున్నాను. ఎవరినో పిలుస్తున్నట్టుంది, ఎవరూ పలకట్లేదు —